లాకుల నుంచి లాకుల దాకా: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రోజు నడక

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిన మనవాళ్లని చాలామంది గాజు కప్పున్న పడవ ఎక్కించి, గంటసేపు కాలువల్లో తిప్పి, దింపేస్తారు. నీళ్లూ వంతెనలూ కనపడతాయి, ఫొటోలు బాగా వస్తాయి. ఆ నీళ్లని ఊరి మీదకి రాకుండా ఎలా పట్టి ఉంచారన్నది మాత్రం పడవలోంచి కనపడదు. అది తెలియాలంటే నడవాలి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి పిల్లల దగ్గరకి యూరప్ వెళ్లే వాళ్లకి ఈ నడక గట్టిగా చెప్తున్నాను. ఏటిగట్టంటే ఏంటో, లాకులెందుకో, పల్లపు చేలోంచి మురుగు తీయడం ఎంత కష్టమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొండ ప్రాంతం వాళ్లకి నాలుగు రోజులు పట్టేది మనకి ఒక్క పూటలో అర్థమవుతుంది.

ముందు కాళ్ల సంగతి. నేను చెప్పే దారి సుమారు 7 కిలోమీటర్లు. గూని వంతెనలు తప్ప ఎత్తు ఎక్కేదేమీ లేదు కాబట్టి ఆయాసం రాదు. ఇబ్బందల్లా పాదాలకే. కాలువ ఒడ్లన్నీ ఇటుక పరిచిన దారులు. చెట్ల వేళ్లు లేపేసిన చోట ఎగుడుదిగుడుగా ఉంటాయి, తడిస్తే జారతాయి. చెప్పులు, అడుగు అరిగిన బూట్లు పనికిరావు. కొత్త బూట్లు కొంటే ప్రయాణానికి మూడు వారాల ముందే తొడిగి, పొద్దున్నే కాలువ గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు నడవండి. బొబ్బ ఎక్కడ లేస్తుందో ఇక్కడే తేలిపోతుంది, సాధారణంగా మడమ వెనకో, చిటికెన వేలి పక్కనో. అక్కడ ఎర్రబడి మంట మొదలవగానే ప్లాస్టరు వేసేయాలి. బొబ్బ లేచాక వేస్తే ఊడదీసేటప్పుడు చర్మం కూడా లేచి వస్తుంది. పూర్తి నూలు మేజోళ్లు చెమటో వాన నీళ్లో పీల్చి అలాగే తడిగా ఉండిపోతాయి, ఆ తడే బొబ్బకి మూలం. ఉన్ని కలిసినవి నయం, ఇంకో జత సంచిలో పెట్టుకోండి.

అక్కడి వాన మన వానలా కుండపోతగా కురిసి వెలిసిపోదు. సన్నగా పడుతూ, ఆగుతూ, పక్కగాలితో మొహానికి కొడుతుంది. గొడుగు తిరగబడి పుల్లలు విరుగుతాయి. తలకి కూడా కప్పే వాన కోటు మంచిది. చీర కట్టే వాళ్లు ఆ ఒక్కరోజుకి చుడీదార్ వేసుకుంటే సుఖం. కుచ్చిళ్ల అంచు ఒకసారి తడిసిందంటే ఆ చలిలో సాయంత్రం దాకా ఆరదు, అడుగడుక్కీ కాళ్లకి చుట్టుకుంటుంది. వెలుతురు లెక్క కూడా వేరు. జూన్‌లో రాత్రి 10 దాకా పొద్దు ఉంటుంది, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. చలికాలం వెళ్తే పొద్దున్న 9 కల్లా బయల్దేరాలి.

పాస్‌పోర్టు హోటల్లో వదిలేయకండి. నెదర్లాండ్స్ దేశంలో 14 ఏళ్లు నిండిన వాళ్లు ఎవరైనా పోలీసులు అడిగితే గుర్తింపు పత్రం చూపించాలి, ఫొటో కాపీ చెల్లదు. లోపలి జేబులో, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. దామ్‌రాక్ వీధిలోనూ, రద్దీ ట్రాముల్లోనూ జేబు దొంగలు ఉంటారు.

ట్రాముకీ మెట్రోకీ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చాలు. అయితే విదేశీ లావాదేవీలూ, కాంటాక్ట్‌లెస్ సదుపాయమూ రెండూ బ్యాంకు యాప్‌లో ఇంటి దగ్గరే ఆన్ చేసుకుని వెళ్లాలి. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి యంత్రానికి కార్డు ఆనించాలి. దిగేటప్పుడు మర్చిపోతే వెళ్లిన దూరం తెలియక ఎక్కువ డబ్బు పట్టేస్తారు. ఇద్దరికి ఒకే కార్డు కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. ట్రాముల్లో నోట్లు తీసుకోరు. కొన్ని దుకాణాల్లోనూ కార్డే, మరి కొన్ని చిన్న చోట్ల మన క్రెడిట్ కార్డు పనిచేయదు. అందుకని 50 యూరోల దాకా చిల్లర నోట్లు, కాసిని నాణేలు దగ్గరుండాలి. మరుగుదొడ్లకి చాలాచోట్ల యాభై సెంట్ల నుంచి ఒక యూరో దాకా తీసుకుంటారు. ఒడ్డున కనపడే ఇనప మరుగులు మగవాళ్లకి మాత్రమే. ఆడవాళ్లు స్టేషన్లోనో, కాఫీ తాగడానికి ఆగిన చోటో ముందుచూపుతో వెళ్లి రావాలి. షుగరు ఉన్న వాళ్లతో నడిచేటప్పుడు ఈ లెక్క మరీ ముఖ్యం. మంచినీళ్లు మాత్రం కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు నిక్షేపంలా తాగొచ్చు.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సైకిలు. ఎర్ర తారు వేసిన దారి కనపడితే అది సైకిళ్ల రోడ్డు, అందులో నిలబడకూడదు. ఫొటో తీస్తూ ఒకడుగు వెనక్కి వేయడం, గుంపుగా వెళ్తూ ఒకరు పక్కకి జరగడం, దెబ్బలన్నీ ఇక్కడే తగులుతాయి. వాళ్లు బెల్లు కొడతారు గానీ వేగం తగ్గించరు, మీరు ఉన్నచోట కదలకుండా నిలబడితే పక్కనించి వెళ్లిపోతారు. కంగారుపడి పరిగెత్తితేనే గుద్దుకుంటారు. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడాలి. మన తల అలవాటుగా కుడికి తిరుగుతుంది, అందుకే రెండువైపులా రెండుసార్లు చూడండి. జీబ్రా గీతల మీద ఉన్నా సరే, ట్రాము మీకోసం ఆగాల్సిన పని లేదు.

దారి సెంట్రల్ స్టేషన్ నుంచి మొదలు. స్కిపోల్ విమానాశ్రయం నుంచి రైల్లో పావుగంట. 1889లో తెరిచిన ఈ స్టేషనే నీళ్లలో మన్ను పోసి చేసిన లంక మీద, వేల చెక్క గుంజల మీద కట్టింది. ఊరి వైపు గుమ్మం నుంచి బయటికొచ్చి కుడికి తిరిగి, సింగెల్ కాలువ దాటితే హార్లెమర్‌స్ట్రాట్ అనే దుకాణాల వీధి. ఆ వీధిలో పది నిమిషాలు తిన్నగా నడిస్తే ఒక వంతెన, దాని కింద ఏన్‌హోర్న్‌స్లూయిస్ అనే పాత లాకులు. జనం చూడకుండా వెళ్లిపోయే చోటు ఇది. మీరు ఆగండి.

లాకు గోడలో పొదిగిన తెల్ల పాలరాయి పలక కోసం వెతకండి, దాని మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. 1675లో సముద్రం గట్టు తెంపి ముంచేశాక, ఊరి మేయరు యోహానెస్ హుడ్డె 1680ల్లో ఇలాంటి రాళ్లు ఎనిమిది లాకుల్లో పెట్టించాడు. నిలిచింది ఇదొక్కటే. సముద్రపు గట్టు ఎంత ఎత్తుండాలో ఆ గీత చెప్తుంది: ఊరి నీటిమట్టానికి పైన 9 అడుగుల 5 అంగుళాలు. వాళ్ల అడుగు మన అడుగుకన్నా చిన్నది కాబట్టి మీటర్లలో 2.68. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ప్రతి శ్రావణంలోనూ చెవులు నిక్కబొడుచుకుని వినేవాళ్లం మనం. ఒక గీత వెనకాల ఎంతమంది నిద్ర ఉంటుందో మనకి తెలుసు. ఆ ఊరి మట్టమే తర్వాత నాప్ అనే పేరుతో దేశమంతటికీ కొలతయ్యింది. యూరప్‌లో ఇంకా చాలా దేశాలు ఎత్తుల లెక్క దాన్నుంచే కడతాయి.

ఈ వీధి అక్కడి నుంచి హార్లెమర్‌డైక్ అవుతుంది. పేరు చివర డైక్ అని ఉంటే అది ఒకప్పటి గట్టు. పక్క సందుల్లోకి చూడండి, చాలావరకు కిందకి దిగుతాయి. మన ఊళ్లలో ఏటిగట్టు మీద రోడ్డూ, దిగువన ఇళ్లూ ఉన్నట్టే. నీవెన్‌డైక్, జీడైక్ కూడా ఇలాంటివే. మ్యాపు ఆ మెరక చూపించదు, పిక్కలకి తెలుస్తుంది.

లాకుల దగ్గర ఎడమకి తిరిగి చిన్న కాలువ వెంట రెండు నిమిషాలు నడిస్తే బ్రౌవర్స్‌గ్రాక్ట్, అది దాటితే ప్రిన్సెన్‌గ్రాక్ట్ మొదలు. ఇక్కడే దారి తప్పడం గురించి చెప్పాలి. ఊరి నడిబొడ్డు చుట్టూ సింగెల్, హేరెన్‌గ్రాక్ట్, కైజర్స్‌గ్రాక్ట్, ప్రిన్సెన్‌గ్రాక్ట్ అని నాలుగు కాలువలు లోపల్నించి బయటికి ఇదే వరసలో, అర్ధచంద్రాకారంలో ఉంటాయి. సింగెల్ పాత ఊరి కందకం. మిగతా మూడూ 1613 నుంచి తవ్వినవి, 2010లో యునెస్కో జాబితాకి ఎక్కాయి. ఒంపు ఎంత మెల్లగా తిరుగుతుందంటే, దక్షిణానికి వెళ్తున్నామనుకుంటూనే తూర్పుకి వెళ్లిపోతారు. పైగా నాలుగూ ఒకేలా ఉంటాయి. చలికి ఫోను బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది. అందుకని ఇంటి నంబర్లు పట్టుకోండి. ఈ మూడు కాలువల మీదా నంబర్లు బ్రౌవర్స్‌గ్రాక్ట్ చివర మొదలై ఆమ్‌స్టెల్ నది వైపు పెరుగుతాయి. బేసి నంబర్లు ఊరి నడిబొడ్డు వైపు ఒడ్డున, సరి నంబర్లు బయటి ఒడ్డున. నంబరు పెరుగుతోందా తరుగుతోందా, బేసా సరా చూస్తే చాలు, ఎటు వెళ్తున్నారో తేలిపోతుంది. మ్యాపు మాత్రం ముందే ఫోన్లోకి దింపుకుని ఉంచండి.

మొదట్లోనే నోర్డర్‌మార్క్ట్ అనే చర్చి ముందు మైదానం వస్తుంది, శనివారం అయితే రైతుల సంత. ఆ చుట్టుపక్కల ఆపిల్ పై బాగుంటుంది. గుడ్డు తినని వాళ్లు అడిగి కొనాలి. కాఫీ కోసం వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: కాఫీషాప్ అని బోర్డున్నచోట అమ్మేది గంజాయి. మనకి కావలసింది కెఫే. ఆ కాఫీషాపుల్లో కేకులూ అమ్ముతారు, వాటిలోనూ అదే ఉంటుంది, పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

263 నంబరు, నాజీలకి దొరక్కుండా డైరీ రాసుకుంటూ ఆన్ ఫ్రాంక్ అనే యూదు అమ్మాయి దాక్కున్న ఇల్లు. టిక్కెట్లు ఆన్‌లైన్లో తప్ప దొరకవు. ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు, త్వరగా అయిపోతాయి. లోపలికి వెళ్లాలనుకుంటే నడక రోజుని దాని చుట్టూ పెట్టుకోవాలి, నడుచుకుంటూ వచ్చి చూద్దామంటే కుదరదు.

అక్కణ్నించి రెండు కిలోమీటర్ల పైన ఒకే ఒడ్డు. ఇళ్లని ఇక్కడ తీరిగ్గా చూడండి. ప్రతి ఇంటి నెత్తిన ముందుకి పొడుచుకొచ్చిన దూలం, దానికి ఇనప కొక్కెం. మెట్లు మరీ ఇరుకు కాబట్టి బీరువాలూ మంచాలూ ఈనాటికీ తాడుతో కిటికీలోంచి ఎక్కిస్తారు. సామాను గోడకి కొట్టుకోకుండా చాలా ఇళ్ల ముందుగోడ కావాలనే రోడ్డు మీదకి కాస్త వంచి కట్టారు. పక్కకి వాలిన ఇళ్ల కథ వేరు, అవి కుంగినవి. కింద మెత్తటి బురద, పీటు మన్ను. గట్టి ఇసక తగలాలంటే 12 మీటర్లు దిగాలి. అందుకని దేవదారు జాతి దుంగలు దించి వాటి మీద పునాది వేశారు. దామ్ కూడలిలో రాజభవనం కింద అలాంటివి 13,659 ఉన్నాయి. చెక్క నీళ్లలో మునిగి ఉన్నంతకాలం వందల ఏళ్లు చెడదు. నీటిమట్టం తగ్గి దుంగ తలకి గాలి తగిలిందా, బూజు పట్టి పుచ్చిపోతుంది, ఇల్లు వాలుతుంది. అందుకే ఊళ్లో కాలువల మట్టాన్ని నాప్‌కి 40 సెంటీమీటర్ల దిగువన, అటూ ఇటూ పోనివ్వకుండా కాపాడుకుంటారు. మనకి వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగు మట్టి కనపడుతుంది. అక్కడ అలా కట్టేస్తే ఇళ్లే కూలతాయి.

ఒడ్డు గోడలు కూడా ఇలాంటి పాత దుంగల మీదే ఉన్నాయి, వాటిని బళ్ల బరువుకి కట్టలేదు. 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బర్గ్‌వాల్ దగ్గర ఒడ్డు గోడ విరిగి కాలువలో పడిపోయింది. అప్పట్నుంచి చాలాచోట్ల ఇనప రేకులు దింపి, ఆనులు పెట్టి మరమ్మతు చేస్తున్నారు. మీ ఒడ్డు మూసేసి ఉంటే దగ్గర్లోని వంతెన దాటి అవతలి ఒడ్డున సాగండి, మ్యాపులో ఇది సరిగ్గా రాదు.

ఆకలి వేళకి రెండు దారులు. చేప తినే వాళ్లు వీధి బండి దగ్గర హేరింగ్ అడగండి. మన పులసకి చుట్టరికమున్న జాతే. ఉప్పులో ఊరబెట్టి, వండకుండా, ఉల్లిపాయ ముక్కలతో ఇస్తారు. పురుగు చావడానికి ముందు గడ్డకట్టించాలని అక్కడ చట్టం. కొత్త సరుకు జూన్‌లో వస్తుంది. కడుపు నిండా కావాలంటే సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస) వాళ్ల హోటలు. 1873 నుంచి కూలిపనికి సురినామ్ తీసుకెళ్లిన మన ఉత్తరాది వాళ్ల సంతతి, ఆ తర్వాత నెదర్లాండ్స్ చేరారు. రొట్టె, బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుడు, నిజంగా కారం ఉన్న పచ్చడి. ఆల్బర్ట్ కైప్ సంత చుట్టూ ఇలాంటివి దొరుకుతాయి, ప్రిన్సెన్‌గ్రాక్ట్ నుంచి దక్షిణంగా పావుగంట. ఆదివారం సంత ఉండదు.

రెగ్యులీర్స్‌గ్రాక్ట్ అడ్డం వచ్చినప్పుడు ఎడమకి మూడు నిమిషాలు వెళ్లి హేరెన్‌గ్రాక్ట్ మూల మీద నిలబడితే ఏడు వంతెనల కమానులు ఒకదాని వెనకొకటి వరసలో కనపడతాయి. మళ్లీ వెనక్కొచ్చి ఒడ్డు పట్టుకుంటే ఆమ్‌స్టెల్ నది, నదికి అడ్డంగా ఆమ్‌స్టెల్ లాకులు. 17వ శతాబ్దపు పని. లొల్ల లాకుల దగ్గర తిరిగిన వాళ్లకి వీటి ముందు గంటైనా చాలదు. చెక్క తలుపులు రెండూ ఎగువకి మొన చేసుకుని మూసుకుంటాయి, నీటి ఒత్తిడే వాటిని బిగిస్తుంది. మన లాకులు ముఖ్యంగా పడవల కోసం. వీటి పని ఊరి కాలువలు కడగడం. వీటిని మూసి, తూర్పున జేబుర్గ్ పంపుల నుంచి తాజా నీళ్లు తోస్తే, కాలువల్లో నిలవనీరు పడమటి వైపు బయటికి పోతుంది. 1872లో ఓరాంయె లాకులు కట్టి సముద్రపు పోటుపాటుల్ని ఆపేశాక కాలువల్లో నీరు దానంతటది కదలడం మానేసింది, కాబట్టి మనుషులే కదిలించాలి.

నది ఒడ్డున దిగువకి నడిచి, తెల్లటి చెక్క వంతెన మాఖెరె బ్రుఖ్ మీదుగా అవతలి ఒడ్డుకి దాటి, ఇంకా దిగువకి సాగితే మున్సిపల్ ఆఫీసూ నాటకశాలా కలిసిన స్టోపెరా భవనం. దాని లోపలి నడవలో నాప్ సున్నాకి గుర్తుగా కంచు బొడిపె, పక్కన నీళ్లు నింపిన గాజు గొట్టాలు ఉంటాయి. రెండింటిలో సముద్ర మట్టం, మూడోది నాలుగున్నర మీటర్ల ఎత్తున, 1953 ఫిబ్రవరి 1 ఉప్పెన నీళ్లు జీలాండ్ అనే తీర ప్రాంతంలో ఎక్కడిదాకా వచ్చాయో చూపిస్తుంది. ఆ రాత్రి ఆ దేశంలో 1,836 మంది పోయారు. 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమ మనిషి ఆ మూడో గొట్టం ముందు ఆగకుండా వెళ్లలేడు. నడవ ఆఫీసు వేళల్లో చూసుకోవడం మంచిది.

ఇక్కడ్నించి సింట్ అంటోనిస్ బ్రేస్ట్రాట్, నీవె హోఖ్‌స్ట్రాట్ మీదుగా పది నిమిషాలు నడిస్తే క్లోవెనీర్స్‌బుర్గ్‌వాల్ కాలువ, దాని మూల మీద పాత ఈస్టిండియా కంపెనీ భవనం. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానిది. పనిరోజుల్లో అవుడె హోఖ్‌స్ట్రాట్ వైపు గుమ్మంలోంచి ముంగిట్లోకి వెళ్లొచ్చు. 1602లో పుట్టిన ఆ డచ్చి కంపెనీ 1613 నుంచి పాలకొల్లులో గిడ్డంగి పెట్టుకుని మన నేత, అద్దకం బట్టలు కొన్నది. ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో కూడా ఉన్నది. మన సాలెల మగ్గం మీది బట్టకి ధర కట్టిన కంపెనీ పెద్దలు ఈ ఇంట్లోనే కూర్చునేవారు. బయట ఆ సంగతి చెప్పే బోర్డేమీ ఉండదని ముందే చెప్తున్నాను. పిల్లలు వెంట ఉంటే అక్కడే నిలబెట్టి చెప్పండి.

ఉత్తరంగా నీవ్‌మార్క్ట్ దాటి జీడైక్ ఎక్కితే, పాత సముద్రపు గట్టు మీదుగా మళ్లీ స్టేషనుకే చేరతారు. ఎడమ సందులు ఎర్రదీపాల పేట వైపు పోతాయి. ఆ కిటికీల ముందు కెమెరా ఎత్తకూడదు. స్టేషను లోపల్నించి వెనక వైపుకి దాటితే ఐ అనే వెడల్పాటి నీటి పాయ, అవతలి ఒడ్డుకి పంటు. సఖినేటిపల్లి రేవులో ఎక్కినట్టే ఎక్కేయడం, టిక్కెట్టు లేదు. మనుషులూ సైకిళ్లూ ఎక్కుతాయి. బౌక్స్‌లోటర్‌వేఖ్ అని రాసి ఉన్నది ఐదు నిమిషాల్లో దాటించి రాత్రంతా తిరుగుతుంది. సైకిళ్లు దిగేదాకా పక్కన నిలబడి, తర్వాత దిగండి.

మర్నాడు ఓపిక ఉంటే మెట్రోలో వీబౌట్‌స్ట్రాట్ దిగి, నది వెంట ఎగువకి నడిచి రింగ్‌డైక్ గట్టు ఎక్కండి. ఒకవైపు నిండు కాలువ, రెండోవైపు అంతకన్నా నాలుగైదు మీటర్ల పల్లంలో ఇళ్లు, బళ్లు, బడి. 1629లో చెరువు తోడి ఎండబెట్టిన నేల అది. మన పల్లపు చేలల్లో మురుగు కాలువ దానంతటది సముద్రానికి పోవాలి, పోటు వేళ ఎదురుతన్నితే పంట మునిగినట్టే. రింగ్‌డైక్ లోపల కురిసిన ప్రతి వాననీ పంపులు ఎత్తి ఈ కాలువలో పోస్తాయి, ఏడాది పొడుగునా. గట్టు మీది దారిలో సైకిళ్లు తిరుగుతాయి కాబట్టి, పల్లం వైపు చూసేటప్పుడు అంచుకి జరిగి నిలబడండి.